ముందు బయటికొచ్చిన కెప్టెన్

పత్రికలో పనిచేసి రిటైరైనవాళ్ళు సాధారణంగా తాము కలిసిన ముఖ్యమంత్రుల గురించి రాస్తారు. నేను కలిసిన ముఖ్యమంత్రులందరూ హెలికాప్టర్ దిగి, ఆ దుమ్ములో కళ్ళు నలుపుకుంటూ, నన్ను చూడకుండానే వెళ్ళిపోయారు. కాబట్టి ఆ అధ్యాయం ఇక్కడితో సమాప్తం.

గోదావరిఖనిలో విలేకరిగా నా జీవితం గడిచిపోయింది. ఇప్పుడు సాయంత్రం పూట ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఫోను చేతిలో పట్టుకుని వస్తుంటారు. "అన్నా, వార్త ఎట్ల రాయాలె?" అని అడుగుతారు. రాయడం ఫోనే నేర్పుతుంది నాయనా, నా దగ్గర ఉన్నదల్లా కొనడం. వార్తను అమ్మడానికి ముందు కొనాలి. కొనడం నాకు పత్రికలో చేరకముందే వచ్చు.

తెల్లబట్ట అమ్ముడుపోని ఊరు

మా నాయనకు బజారులో బట్టల కొట్టు ఉండేది. ఆ వరుసంతా కొట్లే. ఒక పక్క స్టీలు సామాను, ఇంకో పక్క చెప్పులు, ఎదురుగా మిఠాయి. జీతాల రోజు సాయంత్రం మొదటి షిఫ్టు దిగినవాళ్ళు స్నానాలు చేసి, నూనె రాసుకుని, పెళ్ళాం పిల్లలతో బజారుకొచ్చేవారు. ఆ సందడి ఇప్పుడు తలుచుకున్నా నాకు కొత్తబట్ట గంజివాసన వస్తుంది.

మా ఊళ్ళో తెల్లబట్ట అమ్ముడుపోయేది కాదు. ఆరేసిన చొక్కా మీద మధ్యాహ్నానికి బొగ్గు నలుసులు వాలేవి. ఇక్కడ తెల్లబట్టలు కట్టేది ఎన్నికల్లో నిలబడేవాళ్ళే. పొద్దున హంసలా బయలుదేరి సాయంత్రానికి పావురాయి రంగులో ఇల్లు చేరేవారు. అభ్యర్థి ఎన్ని వాడలు తిరిగాడో తెలుసుకోవడానికి నేను అతని అనుచరుల్ని అడగలేదు, కాలరు చూసేవాణ్ణి.

నాయన నాకు మూడు పాఠాలు చెప్పాడు. ఎర్రచీర కావాల్సినావిడ ముందుగా పచ్చచీర ధర అడుగుతుంది, కాబట్టి అడిగినదాన్ని కాదు, అడుగుతూ చూస్తున్నదాన్ని గమనించు. బట్టను ఎప్పుడూ తిరగేసి చూడు, పైవైపు ఎవడైనా మెరిపిస్తాడు. మూడోది, మంచి సరుకైనా చెడ్డ సరుకైనా ఎక్కడి నుంచి వచ్చిందో అడుగు. కొట్టు నుంచి హోల్‌సేలుకు, హోల్‌సేలు నుంచి మగ్గానికి వెళ్ళు.

ఇంత నేర్చినా నేను కొట్లో పనికిరాలేదు. బేరం ఆడటమంటే ఎంత ఇష్టమో, ముగించడమంటే అంత అయిష్టం. మా ఆవిడ ఇప్పటికీ నన్ను కూరగాయలకు తీసుకెళ్ళదు. నేను బేరం తెమల్చేలోపు టమాటాలు మెత్తబడతాయట. కొట్టు తమ్ముడికి పోయింది, నేను పత్రికకు పోయాను. ఊళ్ళో మాత్రం నా పేరు "పేపరు సేటు"గానే స్థిరపడింది.

సత్యం సారు ఎర్రసిరా

ఆ రోజుల్లో వార్తలు కాగితాల మీద రాసి, కవరులో పెట్టి, కరీంనగర్ బస్సు కండక్టరు చేతికిచ్చేవాళ్ళం. అవతల డెస్కులో సత్యం సారు ఉండేవారు. ఆయన్ని నేను మహా అయితే నాలుగైదుసార్లు చూసి ఉంటాను గానీ, ఆయన ఎర్రసిరాను మాత్రం రోజూ చూశాను. కొట్టేసిన నా కాగితాల్ని మరుసటి బస్సులో తిప్పి పంపేవారు.

విలేకరులందరికీ అలవాటైన మాట ఒకటుంది, "తెలిసింది" అని. "ఫలానా నాయకుడు పార్టీ మారనున్నట్టు తెలిసింది." సత్యం సారు ఆ మాట చుట్టూ సున్నా చుట్టి పక్కన రాసేవారు: "ఎవరికి తెలిసింది? ఎవరు చెబితే తెలిసింది? ఆ చెప్పినవాడు అక్కడున్నాడా?" మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తరువాత అర్థమైంది, ఆయనా మా నాయనా చెప్పేది ఒకటేనని. మగ్గం దాకా వెళ్ళు.

ఆయనకూ ఒక బలహీనత ఉండేది. తనకు తెలియని రంగమైతే ఎర్రసిరా ఆరిపోయేది. సైన్యమన్నా, సైన్సన్నా ఏది రాసినా అచ్చేసేవారు. "అది మనకు తెలిసే విషయం కాదులేవయ్యా" అనేవారు. తెలియనిచోటే ఎక్కువ అడగాలని ఆయన బతికుండగా నేను ఆయనతో అనలేకపోయాను. నా ఉద్యోగంలో ఆఖరి ఎన్నికలప్పుడు ఆ మాట ఎన్నిసార్లు గుర్తొచ్చిందో.

పోస్టరు మీద కెప్టెన్

ఆ అసెంబ్లీ ఎన్నికల్లో సాయిలు అని ఒకాయనకు టికెట్టు వచ్చింది. మా ఊరి పిల్లవాడే. జవానుగా సైన్యంలో చేరి, మెట్టు మెట్టు ఎక్కి, దిగిపోయేటప్పుడు గౌరవంగా ఇచ్చే కెప్టెన్ హోదాతో తిరిగొచ్చాడు. మీసాలు, నిటారు నడక, తక్కువ మాటలు. ఊళ్ళో అందరూ "కెప్టెన్ సాబ్" అనేవారు.

పోస్టర్లు మాత్రం తక్కువ మాట్లాడలేదు. "మంచుకొండల్లో వందలమందిని నడిపించిన మొనగాడు, మనల్ని నడిపించలేడా?" అని ప్రతి కరెంటు స్తంభానికీ వేలాడాయి.

కాంట్రాక్టర్లు, కార్మిక నాయకులు, వడ్డీ వ్యాపారులు, వీళ్ళు ఎన్నికల్లో నిలబడితే ఎట్లా తూచాలో నాకు తెలుసు. ఎవర్ని అడగాలో తెలుసు. సైనికుడి నాయకత్వాన్ని ఎట్లా తూచాలి? హోదా ఏదో, ఎన్నాళ్ళు పనిచేశాడో కాగితాల్లో ఉంటుంది. చేతికింది మనుషుల్ని ఎట్లా చూసుకున్నాడో ఏ కాగితంలో ఉంటుంది? సైన్యం వాళ్ళు గోదావరిఖని విలేకరికి ఫోను ఎత్తి జవాబు చెప్పరు కదా. తోటి విలేకరులు సత్యం సారులాగే "మనకేం తెలుస్తది తియ్" అని పోస్టరు మీది మాటనే వార్తల్లోకి ఎక్కించారు.

పోలింగుకు కొద్దిరోజుల ముందు ఎదురుపార్టీ వాళ్ళు పోస్టరుకు జవాబు కనిపెట్టారు. షేర్ ఆటోలకు మైకులు కట్టి తిప్పారు. "మంచుల మనుషుల్ని ఇడిసిపెట్టి ముందుగాల బయటికొచ్చినోడు మనకు ఎమ్మెల్యేనా?" వాట్సాప్‌లో అదే మాట, అదే రోజు.

బయటివాళ్ళకు ఇదొక మామూలు తిట్టుగా అనిపిస్తుంది. మా దగ్గర అంతకు మించిన తిట్టు లేదు. బొగ్గుబాయిలో మైనింగ్ సర్దార్ అని ఒకడుంటాడు. షిఫ్టులో తన కింద పనిచేసేవాళ్ళ ప్రాణాలు అతని పూచీ. లోపలికి మొదట అతను వెళతాడు. పొడుగాటి కర్రతో పైకప్పును తట్టి, ఆ చప్పుడు విని, బండ గట్టిగా ఉందో వదులైందో చెబుతాడు. గడబిడ అయితే అందరినీ పంపించి ఆఖరున తాను బయటికొస్తాడు. ఇది ఎవరో రాసిన సూత్రమని ఇక్కడ ఎవరూ అనుకోరు. పెద్దకొడుకు కొరివి పెట్టినంత సహజం. ముందు బయటికొచ్చిన సర్దార్‌కు ఈ ఊళ్ళో పిల్లనివ్వరు.

సాయిలు తండ్రి ఓదెలు కాక అట్లాంటి సర్దారే. నేను పత్రికలో చేరిన కొత్తలో ఒక బాయిలో పైకప్పు కూలిందంటే పరుగెత్తాను. మనుషులు ఒక్కొక్కరే పైకొస్తున్నారు, ముఖాల్లో కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. అందరి వెనకాల ఓదెలు కాక వచ్చాడు. వచ్చినవాడు నీళ్ళు కూడా అడగలేదు. వెనక్కి ఒకసారి చూసి, "అందరొచ్చిన్రా?" అన్నాడు. "వచ్చిన్రు సర్దార్" అన్నారు. "ఐతె పాండ్రి" అని అప్పుడు నడిచాడు. నేను రాసిన వార్త పోయింది, కాగితం పోయింది, ఆ రెండు ముక్కలు మాత్రం నా చెవిలోంచి పోలేదు.

అదే ఓదెలు కాక ఇప్పుడు ఇంట్లోంచి బయటికి రావడం లేదని తెలిసింది. ఎవరికి తెలిసిందంటే, నాకు. పక్కింటావిడ చెప్పింది.

"ఆటో మైకు ఇన్నడు సేటూ. కొడుకు ఇంటికి రాంగనే అరుగు మీదనే అడిగిండు, ముందొచ్చినవా, ఎనుకొచ్చినవా అని. ముందే వచ్చిన నాయినా, అన్నడు పిలగాడు. ముసలాయన లేచి ఇంట్లకు వోయిండు. గంతే. ఇగ మాటల్లేవు. ఓటు గుడ ఎయ్యడట."

ఆ కొడుకు ఓడినా గెలిచినా నాకొచ్చేదేం లేదు. కానీ ఓదెలు కాక తలుపు వేసుకున్నాడంటే ఊరు తీర్పు చెప్పేసినట్టే. ఆ తీర్పు నిజమో కాదో తేల్చాల్సినవాడు, అటూ ఇటూ చూస్తే, బేరం తెమల్చలేని నేనొక్కణ్ణే కనిపించాను.

మగ్గం దాకా

పుకారును వెతకడం బట్టను వెతకడం లాంటిదే. ఆటోవాణ్ణి పట్టుకున్నాను. ఎర్రచీర కావాలని చెప్పకుండా పచ్చచీర ధర అడిగాను.

"ఆటో ఎట్ల నడుస్తున్నది తమ్మీ? గీ మైకు కిరాయి మంచిగ ఇస్తున్నరా?"

కిరాయి బాధలన్నీ చెప్పి, ఆఖరికి తనే అన్నాడు, "గీ మాటలు మాయి గావు సేటూ. మందమర్రిల బండ్లు బాగుచేసే అన్న ఒకాయిన చెప్తె మావోళ్ళు పట్టుకున్నరు."

మందమర్రి మెకానిక్ దగ్గర నా బండి బ్రేకులు అనవసరంగా మార్పించుకున్నాను. బ్రేకులు బిగిస్తూ అతను చెప్పాడు, ఈ సంగతి ఒక పెళ్ళి దావతులో విన్నాడట. చెప్పింది వాళ్ళ వాడకట్టు ఖాజా. సాయిలుతో సైన్యంలో కలిసి పనిచేసినవాడు. ఇప్పుడు జైపూర్ కరెంటు ప్లాంటు గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ.

ముందొచ్చినా, మనుషుల్ని విడిచిపెట్టాడన్నది ఎదురుపార్టీ కల్పన అనుకున్నాను. సాయిలు కింద పనిచేసినవాడే చెప్పాడంటే మగ్గం మీద నేసిన బట్టే.

జైపూర్ గేటు

ఖాజా నా ఈడువాడు కాదు, చిన్నవాడు. డ్యూటీ దిగేదాకా ఆగి టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టాను. గ్లాసు పట్టుకుంటే చూశాను, కుడిచేతి రెండు వేళ్ళు కొసలు లేవు. పచ్చచీర అడగడానికి మనసొప్పలేదు. సూటిగానే అడిగాను.

"కెప్టెన్ సాబ్ ముందుగాల దిగొచ్చిండని చెప్పింది నువ్వేనా?"

"నేనే చెప్పిన సేటూ. పెండ్లిల అందరి ముంగట చెప్పిన. తారీఫ్ చేసిన, మస్తు మెచ్చుకున్న."

"తారీఫా?"

"మరేందనుకున్నరు?"

వాడి ముఖంలో వెటకారం లేదు. ఆటో మైకు సంగతి చెప్పాను. ఖాజా నైట్ డ్యూటీలు చేసి పగలు పడుకునే మనిషి, జైపూర్ మా నియోజకవర్గమూ కాదు. మైకు వినలేదు. విని గ్లాసు కింద పెట్టేశాడు.

"తౌబా. గట్ల సమజైందా మీకు?"

అప్పుడు నేను సత్యం సారు ఎర్రసిరా ఆరిపోయిన చోట అడగాల్సిన ప్రశ్న అడిగాను. "మాకు మంచు తెల్వదు ఖాజా. ముందుగాల దిగుడంటే ఏంది, చిన్నపిలగానికి చెప్పినట్టు చెప్పు."

"మంచుల తొవ్వ ఉండది సేటూ. నిన్న నడిచిన తొవ్వ ఇయ్యాల ఉండది. మీద తెల్లగ, సాఫ్‌గ, దావతుల బువ్వకాడ దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచినట్టుంటది. కింద పగులు. ఇల్లుకిల్లు పట్టేంత పగులు. కాలు వెట్టినంక ఎరుకైతది. ఎరుకయ్యెటాల్లకు మనిషి లోపలుంటడు. అందుకే ఒకనెనుక ఒకడు నడుములకు తాడు కట్టుకుంటం. ముందటోడు అడుగేసిన కాడనే అందరం అడుగేస్తం. ముందటోడు అందరికన్న ముందు దిగుతడు. మరి ముందటోడు పోతె అందరికన్న ముందు పోతడు."

"ఎప్పుడు పెద్ద సాబే ముందుంటడా?"

"ఖాయిదా లేదు. మార్చుకుంటరు. కొంతసేపు నేను, కొంతసేపు నువ్వు. ఆ దినం సాబ్ మార్చలే. ఒకపాలి సంకల దాక దిగవడ్డడు. ఎనుకున్నది నేను, తాడు నేనే గుంజిన. బయటికొచ్చినంక, సాబ్, ఇగ నేను ముందుంట అన్న. ఒద్దు, మిమ్ములను తీసుకొచ్చింది నేను గద అన్నడు."

ఇక్కడ ఆగిపోతే మంచి వార్త. పిల్లలకు ఇదే చెబుతాను, మంచి వార్త దొరికిన చోట ఆగొద్దు, తిరగేసి చూడండి. "తీసుకొచ్చింది నేను గద" అన్న మాట నాకు గుచ్చుకుంది.

"గట్లెందుకన్నడు? ఆ దినం దిగాల్సింది గాదా?"

ఖాజా చాలాసేపు తన వేళ్ళు చూసుకున్నాడు.

"గాదు. మబ్బు వట్టింది. ఒక్క దినం ఆగితె అయిపోవు. మేమే సతాయించినం. లీవులు దగ్గరికొచ్చినయి, ఇంటి మీద పానం గుంజుతున్నది. సాబ్ పెద్దోడు గద, ఒద్దనాలె. అనలే. నడిమిట్ల గాలి లేసింది. సలికి నా ఏళ్ళు పోయినయి. తప్పు నాదే అని పై ఆఫీసర్లకు సాబే చెప్పుకున్నడు. మేం సతాయించినమని మాత్రం చెప్పలే."

"కోపం లేదా నీకు?"

"ఏళ్ళు లాగినప్పుడు ఉంటది" అన్నాడు నవ్వి. "ఎంతమందిమి అనుకుంటున్నరు? ఒక్క జీపుల పట్టేంత మందిమి. వందల మంది ఏడికెల్లొచ్చిన్రు సేటూ ఆ పోస్టర్ల?"

సాయిలుతో బేరం

సాయిలును ప్రచారం మధ్యలో, ఒక కార్యకర్త ఇంటి వెనక పట్టుకున్నాను. అన్నం తింటున్నాడు. ఖాజాను కలిశానని చెప్పగానే చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"మంచిగున్నడా?"

"మంచిగనే ఉన్నడు. ముందెందుకు నడిచినవో చెప్పిండు. గీ మాట నువ్వే మైకుల చెప్తె అయిపోవు గద. కనీసం నాయినకన్న చెప్పకపోతివి."

"నాయిన ముందా ఎనుకా అని అడిగిండు. ఎందుకని అడగలే."

"అడగకుంటె చెప్పొద్దా?"

"ముందెందుకు నడిచిన్నో చెప్తె, ఆ దినం ఎందుకు దిగిన్నో గుడ చెప్పాలె అన్నా. ఖాజా ఏళ్ళ దాక చెప్పాలె. సగం చెప్పి శాబాష్ అనిపించుకునుడు నాకు రాదు."

ఈ మాటకు నేను మెత్తబడ్డానని ఒప్పుకోవాలి. మెత్తబడిన టమాటా లాంటి విలేకరి ఎవరికీ పనికిరాడు కనుక వెంటనే గట్టిపడ్డాను.

"సగం చెప్పుడు రాదంటివి. మరి స్తంభాల మీద వందలమంది ఎవ్వలు?"

సాయిలు తల వంచుకున్నాడు. "అది పిలగాండ్లు ఏసిన్రు. ఒద్దన్న. గట్లయితె ఎట్ల సాబ్, జర పెద్దగ ఉండాలె అన్నరు."

"సతాయించిన్రు."

"ఆఁ."

"నువ్వు ఒద్దనలే."

అతను నా ముఖంలోకి చూశాడు. మంచుకొండ మీద జరిగిందీ, మా ఊరి కరెంటు స్తంభం మీద జరిగిందీ ఒకటేనని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఒక మనిషి నాయకత్వాన్ని వెతకడానికి హిమాలయాల దాకా పోనక్కర్లేదు. అక్కడ ఎట్లా ఉన్నాడో ఇక్కడా అట్లాగే ఉంటాడు, గుణమైనా, లోపమైనా.

"అంత రాస్త" అన్నాను. "ముందు నడిచింది, ఆ దినం ఆగకపోయింది, వందల మంది అబద్ధం. మూడు."

"రాయి" అన్నాడు. మళ్ళీ ముద్ద ఎత్తి, నోట్లో పెట్టుకోకుండానే, "నాయిన పేపరు సదువుడు బంజేసిండు" అన్నాడు.

అరుగు మీద ఇద్దరు

విలేకరి వార్త రాయాలి గానీ ఇంటింటికీ తిరిగి రాజీలు చేయకూడదని సత్యం సారు అనేవారు. నేను రాజీ చేయలేదు. వార్తను ఇంకోసారి తూచుకోవడానికి, ఈ ఊళ్ళో తూకం తెలిసిన మనిషి దగ్గరికి సరుకును తీసుకెళ్ళాను. ఖాజాను షేర్ ఆటోలో ఎక్కించుకుని ఓదెలు కాక ఇంటికి వెళ్ళాను.

కాక తలుపు తీసి నన్ను చూసి, "సేటూ, ఓట్ల సంగతైతె ఒద్దు" అన్నాడు.

"ఓట్లు గావు కాకా. గీ పిలగాడు మంచుల పనిచేసిండు. నీకు మంచు ఎట్లుంటదో చెప్తడట."

కాక ఖాజా చేతిని చూశాడు. బాయిలో బతికినవాడికి వేళ్ళు లేని చెయ్యి కొత్త కాదు. చాప వేశాడు. నేను పక్కకు జరిగి కూర్చున్నాను. ఖాజా ఆ మబ్బు పట్టిన రోజు సంగతి కూడా దాచకుండా చెప్పుకుపోతుంటే కాక మధ్యమధ్యలో ఇన్‌స్పెక్టరులా ప్రశ్నలు వేశాడు.

"పైకప్పు ఉంటదా ఆడ?"

"ఉండది కాకా. పైన మొగులే."

"మరి దేంతోని గండం?"

"కిందికెల్లి. నేలనే దగా చేస్తది."

"మాకు నెత్తి మీద, మీకు కాళ్ళ కింద. మరి తట్టి చూసెటందుకు కట్టె ఉంటదా?"

"ఉంటది. గని మెత్తటిది మోసం జేస్తది. ఆఖరికి కాలే వెట్టాలె."

"కాలు ముందటోడు వెడ్తడు."

"ఔ."

"ఎనుకటోడు సల్లగుంటడు."

"ముందటోడు బతికితె ఎనుకటోడు బతుకుతడు కాకా. మీ కొడుకు అడుగుల్లనే అడుగులేసి దిగినం అందరం."

ఓదెలు కాక ముఖం తిప్పుకుని వీధివైపు చూస్తూ కూర్చున్నాడు. బయట ఎదురుపార్టీ ఆటో వెళుతోంది, మైకులో అదే మాట. అది మూల తిరిగేదాకా ఆగాడు. నేను సంబరపడ్డాను, ఇక కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు, నా వార్తకు ముగింపు దొరుకుతుందని. ఆయన నా బేరానికి దిగలేదు.

"ముందల నడుసుడు గొప్పగాదు" అన్నాడు. "అది డ్యూటీ. నేను గుడ ముందలనే వోయి తట్టి చూసేటోన్ని. ఆ దినం దిగనిచ్చుడే తప్పు. పోరగాళ్ళు సతాయిస్తరు. షిఫ్టు ఎప్పుడైపోతదా అని ఎవ్వలకుండది? సర్దార్ ఇనొద్దు."

"మేమే సతాయించినం కాకా" అన్నాడు ఖాజా.

"మీరు సతాయిస్తరు బిడ్డా, మీకేం. వాడు ఇనొద్దు." ఖాజా చెయ్యి తీసుకుని, కొసల్లేని వేళ్ళను బొటనవేలితో ఒకసారి తడిమి వదిలేశాడు. "నేను గుడ ఒక్క మాటనే అడిగి లోపలికి వోయిన. పైకప్పును ఒక్కకాడ తట్టి మంచిగున్నదంటె నన్ను నౌకరీలకెల్లి తీసేద్దురు."

లోపలున్న కోడలికి కేకేశాడు. "అవ్వా, ఈ పిలగానికి చాయ్ వెట్టు. సేటుకు గుడ వెట్టు, లేకుంటె పేపర్ల ఏస్తడు."

అచ్చయింది

అప్పటికి సత్యం సారు లేరు. డెస్కులో కొత్త కుర్రాడు. "సార్, ఇది పొగడ్తా, విమర్శా? ఏదో ఒకటి తేల్చండి, హెడ్డింగ్ పెట్టాలి" అన్నాడు. రెండూ అన్నాను. రెండూ అంటే చిన్న అక్షరాల్లో లోపలి పేజీలో వస్తుందన్నాడు. రానీ అన్నాను. మూడు సంగతులూ, ఎవరు చెబితే తెలిసిందో, ఆ చెప్పినవాడు అక్కడున్నాడో లేదో, అన్నీ రాశాను. "తెలిసింది" అన్న మాట ఒక్కటీ లేదు.

పొద్దున్నే రెండు పార్టీలవాళ్ళూ నన్ను తిట్టారు. ఒకడు మా సాబ్ పోస్టర్లను అబద్ధమంటావా అన్నాడు, ఇంకొకడు అమ్ముడుపోయావా సేటూ అన్నాడు. మా నాయన అనేవాడు, కొన్నవాడూ అమ్మినవాడూ ఇద్దరూ గొణుక్కుంటూ పోతే ధర సరిగ్గా కుదిరినట్టని. కానీ ఆ మధ్యాహ్నానికి సాయిలు పోస్టర్లన్నిటి మీద "వందలమందిని" అన్న చోట తెల్లకాగితం అతికించి ఉంది. పిల్లలు వద్దన్నారట. ఈసారి ఆయన వినలేదట. మైకు ఆటో మాత్రం తిరుగుతూనే ఉంది. లోపలి పేజీలోని చిన్న అక్షరాలు మైకుకు సమాధానం కాలేవు. ఇది కూడా మీరు తెలుసుకోవాలి.

పోలింగు రోజు ఓదెలు కాక ఓటు వేశాడు. ఎవరికని నేనడగలేదు. అడిగినా చెప్పే మనిషి కాదు.

లెక్కింపు రోజు

సాయిలు ఓడిపోయాడు. పెద్ద తేడాతో కాదు, అలాగని సరిపెట్టుకునేంత చిన్న తేడాతోనూ కాదు. లెక్కింపు జరిగిన కాలేజీ గేటు బయట గెలిచినవాళ్ళ డప్పులు, రంగులు. గెలిచినాయన ముందుగా బయటికొచ్చాడు, భుజాల మీద ఎక్కి. అది ఆయన హక్కు, నేనేమీ అనను.

డప్పులు దూరమయ్యాక గేటు దగ్గర ఖాళీ అయింది. అప్పుడు చూశాను, గోడ పక్కన కర్ర పట్టుకుని ఓదెలు కాక నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. నేను పలకరించబోయి ఆగాను.

సాయిలు తరఫున లోపల ప్రతి బల్ల దగ్గరా కూర్చున్న ఏజెంట్లు తలలు వంచుకుని ఒక్కొక్కరే బయటికొస్తున్నారు. కొందరు కుర్రవాళ్ళు, పోస్టర్లు వేసినవాళ్ళే, ఏడుస్తున్నారు. అందరూ వచ్చేశారు. కాసేపు ఎవరూ రాలేదు. తరువాత సాయిలు వచ్చాడు, ఆఖరి ఏజెంటు చెప్పులు ఎక్కడో తప్పిపోతే వెతికి చేత్తో పట్టుకుని. తెల్లచొక్కా బూడిదరంగైంది. గేటు దాటి తండ్రిని చూసి నిలబడిపోయాడు.

ఓదెలు కాక అతని భుజం మీదుగా వెనక్కి చూశాడు, బాయిలోంచి పైకొచ్చిన రోజు చూసినట్టే.

"అందరొచ్చిన్రా?"

సాయిలు కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. "వచ్చిన్రు నాయినా."

"ఐతె పద" అన్నాడు కాక. రోడ్డు నిండా డప్పులవాళ్ళు వదిలిపోయిన కాగితాలు, రంగుపొడి, నీళ్ళ సీసాలు. కర్రతో ఒకసారి ఆ నేలను తట్టి, పక్కకు జరిగి, కొడుక్కి దారి ఇచ్చాడు.

"ముందల నువ్వు నడువు."